కామిక్స్‌లో దాచుకోదగినవి

కామిక్స్ పుస్తకం పుట్టిందే చదివి పారేయడానికి. చౌక కాగితం, పలచటి అట్ట, మధ్యలో రెండు పిన్నులు. రైల్వే స్టేషన్‌లో కొంటారు, బండి దిగేలోపు చదివేస్తారు, ఇంటికొచ్చాక పక్కింటి పిల్లల చేతికిస్తారు. అక్కణ్ణుంచి అది చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది. నలభై యాభై ఏళ్ల తర్వాత కూడా ఏ ఇంట్లోనైనా ఒక పెట్టెనిండా కామిక్స్ మిగిలి ఉన్నాయంటే, ఎవరో పనిగట్టుకుని వాటిని కాపాడుకుంటూ వచ్చారన్నమాటే. ఇల్లు మారేటప్పుడో, అటక సర్దేటప్పుడో, పెద్దవాళ్లు పోయాక వాళ్ల సామాను పంచుకునేటప్పుడో ఆ పెట్టె కిందికి దిగుతుంది. అన్నీ ఉంచడానికి చోటు చాలదు, అన్నీ వదిలేయడానికి మనసొప్పదు. ఏవి ఉంచాలి, ఏవి పంపేయాలి అన్నది అప్పుడు తేల్చుకోక తప్పదు.

తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి పెట్టెలు తెరిస్తే సాధారణంగా కనిపించేవి ఇంద్రజాల్ కామిక్స్, అమర చిత్ర కథ, టింకిల్. హైదరాబాద్ వైపు హిందీ చదివే ఇళ్లలోనైతే డైమండ్ కామిక్స్, రాజ్ కామిక్స్ కూడా ఉంటాయి. వీటి మధ్యే చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు పాత సంచికలూ ఉంటాయి. కచ్చితంగా మాట్లాడితే చందమామ కామిక్స్ కాదు, అది బొమ్మలున్న కథల పత్రిక. అయినా అది అదే అలమరలో, అదే ఆప్యాయతతో దాచినది కాబట్టి ఏరివేతలో దాన్ని పక్కన పెట్టడం కుదరదు.

పెట్టె తెరవగానే చాలామంది అడిగే మొదటి మాట వీటికి ఇప్పుడు ధరెంత పలుకుతుందని. ఈ ఆశకు మూలం అమెరికాలో ఉంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో పది సెంట్లకు అమ్మారు. బాగా నిలిచిన ఒక ప్రతి 2014లో జరిగిన వేలంలో 32 లక్షల డాలర్లకు పోయింది. ఈ వార్త విన్నవాళ్లకు పాత కామిక్స్ అంటే బంగారమనే అభిప్రాయం ఏర్పడింది. ఆ ధర ఎందుకొచ్చిందో మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ రోజుల్లో పిల్లలు వాటిని చదివి నలిపేశారు. తల్లులు ఊడ్చి పారేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అంతటా పాత కాగితాలు సేకరించినప్పుడు కామిక్స్ కూడా గుట్టలుగా అందులో కలిసిపోయాయి. ఎవరూ దాచలేదు కాబట్టే, మిగిలిన కొన్నింటికీ అంత విలువ వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1990ల్లో నడిచింది. పాత కామిక్స్ ధరలు చూసినవాళ్లు కొత్తవి కొని భద్రపరచడం మొదలుపెట్టారు. 1991లో మార్వెల్ సంస్థ ఎక్స్‌మెన్ కొత్త వరుస మొదటి సంచికను ఐదు వేర్వేరు అట్టలతో తెస్తే 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయే కథతో 75వ సంచిక నల్లటి ప్లాస్టిక్ కవరులో వచ్చింది. ఆ కవరు చించకుండా దాచినవాళ్లు, ఒకటి చదవడానికీ ఒకటి దాచడానికీ రెండేసి కొన్నవాళ్లు లెక్కలేనంతమంది. అందరి దగ్గరా ఉన్న వస్తువుకు ధర ఎక్కడినుంచి వస్తుంది? కొద్ది ఏళ్లలోనే ఆ వ్యాపారం కుప్పకూలింది. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ఆ నాటి ఎక్స్‌మెన్ మొదటి సంచిక మామూలు ప్రతులు నేటికీ చవకగానే దొరుకుతున్నాయి.

కాబట్టి ధరను కొలమానంగా పెట్టుకుని ఇంట్లో సేకరణను ఏరడం తప్పుదారి. పాతదనం ఒక్కటే విలువ తేదు. ఎంత అచ్చయింది, ఎంత మిగిలింది, మళ్లీ అచ్చులో వచ్చిందా లేదా అన్నవి చూడాలి. వాటితోపాటు, ఆ ఇంట్లో దాన్ని ఎవరైనా తిరిగి తీసి చదువుతున్నారా అన్నది కూడా చూడాలి. రేపు బజారుకు వెళ్తే కొత్త ప్రతి దొరికేదాన్ని నిశ్చింతగా వదులుకోవచ్చు. ఒకసారి చేజారితే తిరిగి రానిదాన్ని పట్టి ఉంచాలి. ఈ కొలతతో చూస్తే పెట్టెలోని పుస్తకాలు వాటంతటవే విడిపోవడం మొదలవుతుంది.

ఇంద్రజాల్ కామిక్స్‌నే తీసుకుంటే, ఈ వరుస 1964 మార్చిలో మొదలైంది. ప్రచురించింది టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రిక నడిపే బెన్నెట్ కోల్‌మన్ సంస్థ. మొదటి 32 సంచికలూ లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ కథలే. తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, రిప్ కిర్బీ లాంటివాళ్లు వచ్చి చేరారు. 1990లో ఆగిపోయేదాకా ఎనిమిది వందలకు పైగా సంచికలు వచ్చాయి. ఆ తర్వాత అదే రూపంలో ఆ వరుస మళ్లీ రాలేదు. ఫాంటమ్ కథలు మాత్రం పోలేదు. అమెరికా దినపత్రికల్లో 1936 నుంచి వచ్చిన ఆ స్ట్రిప్పులను అక్కడి ప్రచురణకర్తలు పెద్ద సంపుటాలుగా తెస్తున్నారు. మరి కథ దొరుకుతున్నప్పుడు ఇంద్రజాల్ సంచిక ఎందుకు దాచాలి?

ఎందుకంటే ఆ రెండూ ఒకే పుస్తకం కాదు. దినపత్రికలో రోజుకు మూడు నాలుగు గళ్ల చొప్పున సాగిన కథను ఇంద్రజాల్ సంపాదకులు కత్తిరించి, గళ్లు తిరిగి పేర్చి, రంగులద్ది, చిన్న పుస్తకంలో ఇమిడేలా చేశారు. భారతీయ పాఠకులకు ఇబ్బంది కలిగించే పేర్లు మార్చారు. బెంగాల్‌ను గుర్తుచేసే ఫాంటమ్ దేశం పేరు డెంకాలి అయింది. సింగ్ అనే పేరుతో ఉన్న సముద్రపు దొంగల ముఠా సింగా అయింది. ఫాంటమ్ తండ్రిని చంపినవాడి పేరు రామ అని ఉంటే దాన్ని రామలు చేశారు. అట్టమీది బొమ్మలు కూడా ఇక్కడి చిత్రకారులు కొత్తగా వేసినవే. మన దేశంలో రెండు మూడు తరాల పిల్లలు చదివిన ఫాంటమ్ ఈ ఫాంటమ్. అమెరికా సంపుటం ఎంత అందంగా అచ్చయినా ఇది అందులో ఉండదు.

ఇంద్రజాల్‌లో మరింత జాగ్రత్తగా దాచవలసినవి బహదూర్ కథలు. ఆబిద్ సుర్తీ రాయగా గోవింద్ బ్రహ్మానియా బొమ్మలు వేసిన ఈ పాత్ర 1976లో వచ్చింది. బందిపోటు కొడుకు, ఆ బందిపోటును కాల్చి చంపిన పోలీసు అధికారి పెంపకంలో పెరిగి, ఊరివాళ్లను కూడగట్టి బందిపోట్లను ఎదిరిస్తాడు. చంబల్ లోయల నేపథ్యంలో నడిచే ఈ కథలకు విదేశీ మూలం లేదు. ఇంద్రజాలే వాటి పుట్టిల్లు. అట్ట చిరిగిన బహదూర్ సంచిక ఒకటి, తళతళలాడే ఫ్లాష్ గోర్డన్ ఒకటి ఎదురుగా ఉండి ఒక్కదానికే చోటుంటే, బహదూర్‌నే ఎంచుకోవడం న్యాయం.

అమర చిత్ర కథ విషయం వేరు. ఇంద్రజాల్ మొదలుపెట్టిన రోజుల్లో టైమ్స్‌లో పనిచేసిన అనంత్ పాయ్, అక్కణ్ణుంచి బయటికొచ్చి 1967లో ఇండియా బుక్ హౌస్ ద్వారా దీన్ని ఆరంభించారు. ఢిల్లీ దూరదర్శన్‌లో ఒక క్విజ్ చూస్తుంటే, గ్రీకు పురాణాల ప్రశ్నలకు జవాబు చెప్పిన పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారని, ఆ బాధలోంచే ఈ ఆలోచన పుట్టిందని ఆయన చెప్పుకునేవారు. నాలుగు వందలకు పైగా కథలు, కోట్ల ప్రతులు, తెలుగుతో సహా అనేక భాషలు. ఇంగ్లీషులో తెనాలి రామన్ కథో, కృష్ణుడి కథో కావాలంటే నేటికీ కొత్త ప్రతి దొరుకుతుంది. కాబట్టి 1990ల తర్వాత అచ్చయిన ఇంగ్లీషు సంచికలను ఎంత ఇష్టమున్నా చదివే పిల్లల చేతికి పంపేయవచ్చు. అవి చేయవలసిన పని అదే.

అయితే అన్ని ముద్రణలూ ఒకటి కావు. తొలి రోజుల్లో కృష్ణుడి కథ 11వ సంఖ్యతో వచ్చింది. తర్వాత మందపాటి అట్టతో డీలక్స్ రూపం వచ్చినప్పుడు వరుస సంఖ్యలు 501 నుంచి మొదలయ్యాయి. చేతిలో ఉన్న ప్రతి ఏ కాలానిదో తేల్చడానికి ఈ సంఖ్య, ధర, లోపలి ప్రకటనలు మూడూ సాక్ష్యం చెబుతాయి. కొత్త ముద్రణలో రంగులు కంప్యూటర్ మీద కొత్తగా వేసినవైతే, రామ్ వయీర్‌కర్, ప్రతాప్ ముళిక్, యూసుఫ్ బెంగళూర్‌వాలా లాంటి చిత్రకారుల చేతిపని పాత ప్రతిలోనే అసలు రూపంలో కనబడుతుంది. పాతదాన్ని వదిలేసేముందు కొత్తదాన్ని పక్కన పెట్టుకుని రెండు మూడు పేజీలైనా పోల్చి చూడాలి.

ఇక తెలుగు అమర చిత్ర కథ సంచిక కనిపిస్తే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఉంచవలసిందే. ఇంగ్లీషు ప్రతి దేశమంతటా, విదేశాల్లో కూడా ఏదో ఒక అలమరలో ఉంటుంది. ప్రాంతీయ భాషల ప్రతులు తక్కువ అచ్చయ్యాయి, ఎక్కువ చేతులు మారాయి, తొందరగా చిరిగిపోయాయి. వాటిని కొనేవాళ్లు తక్కువ కాబట్టి పాత పుస్తకాల వర్తకులూ పట్టించుకోలేదు. ధర రాకపోవడమే వాటిని మాయం చేస్తోంది. తెలుగు పిల్లలకు తెలుగులో కామిక్స్ అందిన కాలం ఒకటుందనడానికి ఇళ్లలో మిగిలిన ఈ ప్రతులే ఆధారం. వీటిని ఇళ్లలోవాళ్లే కాపాడాలి, ఇంకెవరూ కాపాడరు.

టింకిల్ 1980 నవంబరులో మొదలై నేటికీ వస్తోంది. సుప్పాండి, శికారి శంభు కథలు విడి సంపుటాలుగా దొరుకుతున్నాయి. తొలి కొన్నేళ్ల సంచికలు తప్ప మిగతావి దాచడానికి పెద్ద కారణం లేదు. ప్రాణ్ సృష్టించిన చాచా చౌదరి కూడా అంతే, తిరిగి తిరిగి అచ్చవుతూనే ఉన్నాడు.

చందమామ దగ్గరికి వచ్చేసరికి నిర్ణయం బరువెక్కుతుంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ఆరంభించిన ఆ పత్రిక ఇప్పుడు రాదు. పాత సంచికల స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్‌లో చదవడానికి దొరుకుతాయి కాబట్టి కథలు పోతాయన్న భయం తగ్గింది. కాని వడ్డాది పాపయ్య వేసిన అట్టబొమ్మ రంగులు స్కాన్‌లో సగమే దిగుతాయి. కాబట్టి అట్ట చెక్కుచెదరని సంచికలకు మొదటి స్థానం. చాలా ఇళ్లలో ఏడాది సంచికలు పన్నెండూ కలిపి బైండు చేయించేవాళ్లు. కొందరు దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత లాంటి సీరియల్స్ పేజీలు మాత్రమే విప్పి, వరుసగా కుట్టించి, ఒక నవలలా దాచుకున్నారు. చిత్రా వేసిన బొమ్మలతో సహా ఆ సీరియల్ మొదటినుంచి చివరిదాకా ఒకచోట ఉండటం చదువుకునేవాడికి గొప్ప సదుపాయం. సేకర్తల లెక్కలో బైండు పుస్తకానికి విలువ తక్కువ. అంచులు సమం చేయడానికి కత్తెరమిషన్ మీద పెట్టినప్పుడు బొమ్మ అంచులు పోతాయి, బైండరు తరచు అట్టలు తీసి పారేస్తాడు. అయినా విడి సంచికలన్నీ పోయి ఈ బైండే మిగిలిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి బైండును విప్పకూడదు, అమ్మకూడదు. ఇంట్లో ఒకరు ఓపిగ్గా చేసిన పని అందులో ఉంది.

ఉంచాలనుకున్న ప్రతి పుస్తకాన్నీ ఒకసారి పేజీలు లెక్కపెట్టి చూడాలి. పిన్ను కొట్టిన కామిక్స్‌లో పేజీలు విడివిడిగా ఊడవు, మడత కాగితాలుగా ఊడతాయి. 32 పేజీల పుస్తకంలో ఎనిమిది మడత కాగితాలుంటాయి. అన్నిటికంటే ముందు జారిపోయేది పిన్ను కాళ్లు మడిచిన చోట ఉండే నట్టనడిమి కాగితం. అది పోతే 15, 16, 17, 18 పేజీలు పోయినట్టే, అంటే కథ మంచి పట్టులో ఉన్నప్పుడు తెగిపోతుంది. అన్నిటికంటే పై కాగితం పోతే మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు ఒకేసారి పోతాయి. దూరం నుంచి చూస్తే పుస్తకం నిండుగానే కనిపిస్తుంది. అందుకే చేత్తో ఒక్కో పేజీ తిప్పి చూడక తప్పదు. కూపన్ కత్తిరించిన రంధ్రం, పజిల్ మీద పెన్నుతో గీసిన గీతలు, అట్టమీద గుండ్రటి అక్షరాల్లో రాసిన పేరు, తరగతి, సెక్షన్ ఇవన్నీ కూడా అప్పుడే బయటపడతాయి. అమ్మకానికి పెట్టేవాడికి ఇవి లోపాలు. ఇంటి సేకరణలో ఆ పేరు ఆ ఇంటి పిల్లదైతే ఆ ప్రతిని ఉంచడానికి అదే చాలు. ఒకే సంచిక రెండు ప్రతులుంటే, కథ నిండుగా ఉన్నదాన్నే ఉంచాలి, అట్ట మెరిసేదాన్ని కాదు.

సెట్టు పూర్తి చేయాలన్న తపన గురించి కూడా ఒక మాట అవసరం. వందల సంచికల వరుసలో నలభై చేతిలో ఉంటే మిగతావన్నీ వెతకాలనిపించడం సహజం. కాని వరుస పూర్తి కావడం కోసమే కొన్న సంచికలు సాధారణంగా ఒక్కసారి కూడా తెరవకుండానే ఉండిపోతాయి. రెండు భాగాల కథలో ఒకటే ఉంటే రెండోది వెతకడం అర్థవంతం, ఎందుకంటే అది చదువు కోసం. సంఖ్యల మధ్య ఖాళీ నింపడం కోసం చోటూ డబ్బూ పెట్టడం కంటే, నచ్చిన చిత్రకారుడో పాత్రో చూసుకుని చిన్న వరుస కట్టుకోవడం మేలు. ఒక్క బహదూర్ కథలే, లేదా ఒక్క వయీర్‌కర్ గీసినవే చేరిస్తే చాలు, అది నిండైన సేకరణే.

అమెరికాలో సీజీసీ అనే సంస్థ 2000 నుంచి కామిక్స్‌ను పది మార్కుల కొలత మీద పరీక్షించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇస్తోంది. కొనుగోలుదారుకు అది భరోసా. కాని సీలు వేసిన కామిక్స్‌ను ఇక ఎవరూ తెరవరు, చదవరు. ఇంట్లోవాళ్లు చదువుకోవడానికి దాచే పుస్తకాలకు ఆ దారి పనికిరాదు.

వదిలేయాలని నిర్ణయించినవి ఎక్కడికి పోతాయన్నది ఏరివేతలో సగం పని. తూకానికి వేయడం అన్నిటికంటే సులభం, అన్నిటికంటే తప్పు. తూకానికి వెళ్లిన కామిక్స్ మళ్లీ పుస్తకంగా బతకడం అరుదు. ఊళ్లో బడి లైబ్రరీ, శాఖా గ్రంథాలయంలో పిల్లల విభాగం, బంధువుల పిల్లలు ముందు గుర్తుకు రావాలి. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంత, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. అక్కడ ఇస్తే వచ్చే డబ్బు కొద్దిదే అయినా పుస్తకం వెతికేవాడి చేతికే చేరుతుంది. అరుదైనవి ఇచ్చేముందు స్కాన్ చేసుకుంటే కథ ఇంట్లో నిలుస్తుంది. కాగితం, రంగు, అచ్చు తీరు మాత్రం ఇచ్చినవాటితో పోతాయని తెలిసి ఇవ్వాలి.

ఉంచినవాటిని కాపాడటానికి ఖర్చు ఎక్కువ కాదు. చౌక న్యూస్‌ప్రింట్‌లో కలప నుంచి వచ్చే లిగ్నిన్ ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది కాగితాన్ని పసుపుగా, ఆమ్లంగా, చివరికి అప్పడంలా పెళుసుగా చేస్తుంది. ఎండ తగలని చోట ఉంచితే ఈ మార్పు నెమ్మదిస్తుంది. కోస్తా ఊళ్లలో గాలిలోని తేమ పిన్నులకు తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు కాగితంలోకి దిగి రంధ్రం చేస్తుంది. బాగా తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా తీసేసి, అవే రంధ్రాల్లోంచి సన్నటి నూలుదారంతో కుట్టుకోవచ్చు. గోడకు ఆనించి పెట్టిన చెక్క అలమరకు చెదలు సులభంగా ఎక్కుతాయి. గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టిన ఇనప బీరువా నయం. కవర్లు కొంటే పాలిప్రొపిలిన్‌వో పాలియెస్టర్‌వో కొనాలి. పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదులుతాయి. ఎండిన వేపాకు బీరువాలో వేయడం మంచి అలవాటే, పేజీల మధ్య పెడితే మాత్రం మరక పడుతుంది.

చిరుగులకు సెల్లోటేపు అంటించడం, అట్టకు లామినేషన్ చేయించడం అనే రెండు పనులు మాత్రం ఎప్పుడూ చేయకూడదు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా మారి కాగితంలోకి ఇంకుతుంది, తీయబోతే అచ్చును కూడా ఊడబెరుకుతుంది. లామినేషన్ వేశాక దాన్ని విప్పే మార్గం లేదు. చిరుగు అతికించాలంటే పలచటి టిష్యూ కాగితం, గోధుమపిండి జిగురు చాలు. అది తడి తగిలితే మళ్లీ విడివడుతుంది కాబట్టి తర్వాత తప్పు దిద్దుకోవచ్చు.

ఇదంతా అయ్యాక ఒక నోటుపుస్తకంలో జాబితా రాసిపెట్టాలి. వరుస పేరు, సంఖ్య, భాష, ముద్రణ సంవత్సరం తెలిస్తే సంవత్సరం, పేజీలు నిండుగా ఉన్నాయా లేదా, ఎక్కడ కొన్నారో గుర్తుంటే ఆ సంగతి, ఎందుకు ఉంచారో ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఏమీ తోచకపోతే ఆ సంచిక వదిలేయవలసిన వాటిలోదని అక్కడే తెలిసిపోతుంది. ఏడాదికోసారి, వానాకాలం వెళ్లాక పుస్తకాలు బయటికి తీసి, దుమ్ము దులిపి, పురుగు పట్టిందేమో చూసి, నీడలో ఆరనిచ్చేటప్పుడు ఈ జాబితాను కూడా సరిచూసుకోవచ్చు.